మన తలుపు, పొరుగువాని ఇల్లు



కంప్యూటరుకు, సెల్‌ఫోనుకు కాపలా ఎలా పెట్టుకోవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఎవరి కోసం పెట్టుకోవాలో ఆలోచించేవారు తక్కువ. "నా ఫోనులో దాచుకోదగినదేమీ లేదు, పోతే నాదే కదా పోయేది" అని మనలో అనేకులు అంటూ ఉంటారు. ఈ మాట నిజమేనా? మన అజాగ్రత్త వలన, మనకు తెలియకుండానే ఇతరులకు నష్టం కలిగితే ఆ బాధ్యత మనపై ఉంటుందా?

2000 సంవత్సరం మే 4వ తేదీన ఫిలిప్పీన్స్ దేశంలో బయలుదేరిన ఒక వైరస్ కొద్ది గంటలలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. 'ఐ లవ్ యూ' అనే శీర్షికతో ఈ-మెయిల్ వచ్చేది. దానికి జతపరచిన ఫైలు ప్రేమలేఖవలె కనబడేది. దానిని తెరిస్తే చాలు, కంప్యూటరులోని ఫోటోల ఫైళ్లను పాడుచేసి, ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలో ఉన్న వారందరికీ అదే ఉత్తరం పంపేది. బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ కూడా కొంతసేపు ఈ-మెయిల్‌ను నిలిపివేయవలసి వచ్చింది. చదువుకున్నవారు, పెద్ద ఉద్యోగులు సైతం దానిని ఎందుకు తెరిచారు? తెలిసినవారి పేరుతో వచ్చింది గనుక తెరిచారు. నమ్మకమే ఆ దొంగకు తాళపుచెవి అయింది.

ఇరవై ఏళ్లు దాటినా పద్ధతి మారలేదు. పెండ్లి శుభలేఖ అని చెప్పి వాట్సాప్‌లో పంపే 'ఎపికె' ఫైళ్ల గురించి 2024లో మన దేశంలో పోలీసులు హెచ్చరించారు. శుభలేఖ అనుకొని నొక్కితే ఫోనులోకి చేరేది ఒక దొంగ యాప్. అది మన సందేశాలను, బ్యాంకు పంపే ఓటీపీలను చదవగలదు. మన పేరుతో ఇతరులకు సందేశాలు పంపగలదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. ఇంటి తలుపు వేయనివాడు తన సొత్తునే పోగొట్టుకుంటాడు. కాని వాడలో అందరూ నీళ్లు తోడుకునే బావిపై మూత వేయనివాని సంగతి వేరు. మన ఫోను మన జేబులో ఉన్నా, దాని స్వభావం బావివంటిది. అందులో వందలమంది నంబర్లు ఉన్నాయి. వారు మనపై ఉంచిన నమ్మకం కూడా అందులోనే ఉన్నది. అది మన సొత్తు కాదు, మన వద్ద దాచిన సొత్తు.

"నాకు తెలియదు కదా" అనే మాటలో కొంత న్యాయమున్నది. మన దేశపు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. వైరస్ ప్రవేశపెట్టడం 66వ సెక్షన్ క్రింద నేరమగుటకు మోసబుద్ధి లేక దురుద్దేశం ఉండాలి. కనుక మోసపోయినవాడు మోసగాడు కాడు. అయితే తెలియకపోవడం ఒకటి, తెలుసుకొనే వీలుండీ తెలుసుకోకపోవడం మరొకటి. మొదటిదానికి క్షమాపణ ఉన్నది. రెండవదానికి బాధ్యత ఉన్నది.

స్పామ్ విషయం కూడా ఇటువంటిదే. 1978 మే 3న ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి అమెరికాలోని ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మొదటి స్పామ్‌గా దానినే చెప్పుకుంటారు. పంపేవానికి ఖర్చు దాదాపు లేదు. చదివి, ఏరి, చెరిపివేసే శ్రమంతా అందుకున్నవారిది. "పదిమందికి పంపండి" అనే సందేశాన్ని మనం ముందుకు తోసినప్పుడు మనం చేసేదీ అదే కాదా? పిల్లలను ఎత్తుకుపోతున్నారనే పుకార్ల వలన ప్రాణాలే పోయినందున 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి ఐదుకు పరిమితం చేసింది. యంత్రం పెట్టిన హద్దును మన మనస్సాక్షి ముందే పెట్టియుండవలసినది.

సోలాపూరులోనో, బరంపురంలోనో, బెంగుళూరులోనో స్థిరపడిన మనవంటి వారికి ఈ సంగతి మరీ దగ్గరది. దూరాన ఉన్న బంధువు పేరుతో తెలుగులో ఒక సందేశం వస్తే మనకు అనుమానం రాదు. అలాగని అందరినీ అనుమానించి బ్రతకడమూ మంచిది కాదు. మనిషిని నమ్ముదాము, ఫైలును పరీక్షిద్దాము. "ఇది నీవు పంపినదేనా?" అని ఒక్క ఫోను చేసి అడగడం అవమానపరచడం కాదు, అతని పేరును కాపాడడమే.

చేయవలసినవి కొద్దిపాటి పనులే. ఫోనుకు, కంప్యూటరుకు వచ్చే అప్‌డేట్లను వాయిదా వేయవద్దు. సందేశాలలో వచ్చిన యాప్‌లను ఎక్కించవద్దు. ఈ-మెయిల్‌కు, వాట్సాప్‌కు రెండంచెల తనిఖీ పెట్టుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మీకు చేతకాకపోతే ఇంట్లోని పిల్లలను అడగడానికి సిగ్గుపడవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. మోసపోయినవారు సిగ్గుతో దాచిపెడతారు. ఆ మౌనంలోనే దొంగ మరొక పది ఇండ్లకు వెళతాడు. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. త్వరగా చెప్పినకొలది డబ్బును ఆపగలిగే అవకాశం ఎక్కువ. ఆ తరువాత మన పరిచయస్థులందరికీ "నా పేరుతో వచ్చినది తెరవవద్దు" అని చెప్పాలి. అలా చెప్పినవారిని ఎగతాళి చేయకుండా కృతజ్ఞతతో వినడం మిగిలిన మనందరి వంతు. నవ్వులపాలవుతామనే భయం లేనిచోటనే మనుష్యులు సమయానికి నిజం చెప్పగలరు.