వినికిడి లేని చోట వాక్కు

మాట మనసును చేరడానికి చెవి ఒక్కటే దారా అన్న ప్రశ్న తత్త్వశాస్త్రానికి పాతదే అయినా, పుట్టుకతో బధిరురాలైన కూతురిని పెంచే తల్లికి అది రోజూ ఎదురయ్యే ధర్మసందేహం. 1730లలో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ హయాంలో నేతపనివారి కోసం వెలసిన చింతాద్రిపేటలో, ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు నడిచే కుటుంబానికి ఆ సందేహం మరింత చిక్కనవుతుంది. ఆ మూడు భాషలూ చెవిని నమ్ముకున్నవే, బిడ్డ కంటికి సులువుగా అందే సైగల భాష వాటిలో లేదు.

ఈ విషయంలో సంప్రదాయం ఒకే మాట చెప్పలేదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టు బధిరులకు దాయభాగం, అంటే పిత్రార్జితంలో వాటా, లేదని విధించింది. అలాంటి నిషేధాలను 1928 నాటి చట్టం చాలావరకు తొలగించింది. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో మాత్రం, తమలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్న ఇంద్రియాలు ఒక్కొక్కటిగా ఏడాదిపాటు దేహాన్ని విడిచి వెళ్తాయి. తిరిగివచ్చిన చెవి తాను లేకుండా ఎలా బతికారని అడిగితే, బధిరులు బతికినట్టే, కంటితో చూస్తూ, మనసుతో ఆలోచిస్తూ బతికామని మిగిలినవి బదులిస్తాయి. వినికిడి లేకపోయినా ఆలోచన ఆగదని ఆ కథ ఒప్పుకుంటోంది.

ధ్వని వేరు, అర్థాన్నిచ్చే అఖండమైన శబ్దతత్త్వం వేరు, ధ్వని దానిని వెల్లడించే సాధనం మాత్రమే అన్నది వ్యాకరణ తాత్త్వికుడు భర్తృహరి వివరించిన స్ఫోటవాదం. ఆయన చేతి సైగల గురించి ఈ సిద్ధాంతం చెప్పలేదు. అయినా వెల్లడించేదే ధ్వని అయితే, ఆ పని చేతులు చేయకూడదనడానికి కారణం కనబడదు. చేతి ఆకారం, స్థానం, కదలికలతో సైగల భాషకు సొంత నిర్మాణం ఉందని 1960లో విలియం స్టోకో అమెరికా సైగల భాషను పరిశీలించి నిరూపించాడు. అంతకు ముందు, బధిరుల విద్యపై 1880లో జరిగిన మిలాన్ మహాసభ నోటిమాటకే పట్టం కట్టడంతో ఎన్నో దేశాల బడుల్లో సైగలు నిషిద్ధమయ్యాయి.

చింతాద్రిపేట ఆదికేశవ పెరుమాళ్ కోవెలలో ఆ బిడ్డ హారతిని కళ్ళకద్దుకుంటుంది, తీర్థం పుచ్చుకుంటుంది, స్వామి పాదాల గుర్తయిన శఠారిని తలపై పెట్టించుకుంటుంది. కన్ను, నాలుక, స్పర్శ ద్వారా పూజ అంతా ఆమెకు అందుతుంది. అందనిది ఒక్కటే: ఈ స్వామి ఎవరు, ఎందుకు మొక్కాలి అన్న కథ. దానికి భాష కావాలి. ఆ భాష తల్లి చేతుల్లో లేకపోతే బిడ్డ భక్తి పెద్దలను చూసి చేసే అనుకరణగానే మిగిలిపోతుంది.

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే శ్రవణనాడిని విద్యుత్తుతో నేరుగా ప్రేరేపించేలా శస్త్రచికిత్సతో అమర్చే పరికరం, ఎందరో పిల్లలకు మాటను దగ్గర చేసింది. దానిని కోరుకున్న తల్లి తప్పు చేసినట్టు కాదు. అయితే దాని ఫలితం అందరికీ ఒకేలా ఉండదు, మాట కుదరడానికి ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి, భాష వేళ్ళూనే తొలి ఏళ్ళు మాత్రం ఆ ఫలితం కోసం ఆగవు. అందుకే సైగలు నేర్పడం ఓటమిని ఒప్పుకోవడం కాదు; రెండు దారులూ తెరిచి ఉంచడమే బిడ్డ పట్ల న్యాయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంభాషణా సాధనాల్లో సైగల భాషను చేర్చింది గాని, ఆ గుర్తింపు ఇంట్లోకి రావాలంటే తల్లితో పాటు తండ్రి, అమ్మమ్మ, తాతయ్య, ఇరుగుపొరుగు కూడా చేతులతో మాట్లాడడం నేర్చుకోవాలి. వినలేని బిడ్డే వినేవారి లోకంలోకి రావాలని పట్టుబట్టడం ధర్మం కాదు. వినగలిగినవారు ఆమె భాషలోకి నడిచి వెళ్ళడం ధర్మం.