ఫలము లేని ధర్మము

ధర్మమునకు ఫలమే ప్రమాణమా యను ప్రశ్న మన పండితులకు క్రొత్తది కాదు. కాని టెరెన్స్ మాలిక్ దర్శకత్వమున 2019లో వెలువడిన ‘ఎ హిడెన్ లైఫ్’ అను చలనచిత్రము ఆ ప్రశ్నను గ్రంథములనుండి పంటపొలములలోనికి దింపినది.

ఆస్ట్రియాలోని సెయింట్ రాడెగుండ్ గ్రామమున వ్యవసాయము చేసికొనుచు, చర్చి పరిచారకుడుగా నుండిన ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్ కల్పితపాత్ర కాడు. 1938లో హిట్లరు ఆస్ట్రియాను కలుపుకొన్నపుడు ఆ యూర వ్యతిరేకముగా ఓటు వేసినవాడు అతడొక్కడే. 1943లో సైన్యము మరల పిలువగా, హిట్లరు పక్షమున ఆయుధము పట్టననెను. ముగ్గురు బిడ్డలను తలచుకొమ్మని బిషప్పు సైతము బోధించినను మనసు మార్చుకొనక, ఆ యేడు ఆగష్టు 9న బ్రాండెన్‌బర్గు చెరసాలలో శిరశ్ఛేదమునకు గురియయ్యెను.

నీ మరణమువలన యుద్ధమాగునా, ఈ గోడల వెలుపల నీ మాట నెవరైనను విందురా యని చిత్రములో అతనిని పలువురు ప్రశ్నింతురు. ఈ తర్కమున అసత్యము లేదు; అందుచేతనే అది ప్రమాదకరము. తానొక్కడు కాదన్నంత మాత్రమున లోకము మారదని ప్రతివాడును తలయూపుటచేతనే గదా ఆ రాజ్యము నిలిచినది!

ఇచ్చట మన హరిశ్చంద్రుడు స్మరణకు వచ్చుట సహజము. కాని కాటిలో భార్య చంద్రమతిపై అతడెత్తిన కత్తి నాపుటకు దేవతలు దిగివచ్చిరి, బిడ్డ బ్రదికెను, రాజ్యము మరల దక్కెను. రాడెగుండ్ రైతు విషయమున ఆకాశము పలుకలేదు. కాథలిక్ సభ 2007లో అతనిని ధన్యుడని ప్రకటించినది నిజమే. అరువదినాలుగేండ్ల పిమ్మట వచ్చిన ఆ గౌరవమును అతని త్యాగమునకు ఫలమనుట ఆ త్యాగమును చిన్నబుచ్చుటయే యగును.

అయినను చంద్రమతి ప్రశ్న మిగిలియే యున్నది: వ్రతమొకరిది, దాని వెల మరియొకరిదైనచో, అట్టి సత్యనిష్ఠ నిర్దోషమేనా? మాలిక్ దీనిని దాటవేయలేదు. ఊరు వెలివేయగా భార్య ఫ్రాన్సిస్కా భర్త లేని చేను తానే దున్నుటను అతడు చెరసాల దృశ్యముల సరసనే నిలిపెను. అంతరాత్మకు బద్ధుడైనవాడు తన నిర్ణయభారమును మోయువారికిని ఋణపడియుండును. మొదటి ఋణమును ఫ్రాంజ్ ప్రాణమిచ్చి తీర్చెను. రెండవది తీర్చు దారి అతనికి లేకుండెను. మొదట వారింపజూచిన ఫ్రాన్సిస్కాయే, పిదప నీవేమి చేసినను నీతోనే యుందునని నిలిచి, ఆ ఋణమును మన్నించినది. ధన్యుడను బిరుదము అతనికి దక్కినది. ఆ ధన్యతలో సగపాలు ఆమెదనుట న్యాయము.