ఏటి గట్టున కూర్చుంటే తప్పా?

ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక పెద్దమ్మ గుడి మెట్ల దగ్గర నన్ను నిలబెట్టి ఇలా అడిగింది: "సామీ, మా చేన్లో బోరేస్తే నీళ్లు పడినాయి. పక్క చేనోళ్లు మూడు బోర్లు వేసినారు, దుమ్మే వచ్చింది. నీళ్లు పడిన సంబరానికి ఇంట్లో ఓళిగలు చేసుకుంటిమి. నాకు మాత్రం గొంతు దిగలేదు. వాళ్లు ఏడుస్తుంటే మేము తీపి తినేది పాపమా?"

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఆనందాన్ని గురించి పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినవాణ్ణి. ఆ మెట్ల మీద మాత్రం జవాబు దొరకలేదు. "ఆలోచించి చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ ఆలోచననే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

మనది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల. పుట్టపర్తి ఏటి ఒడ్డున ఉన్న ఊరే గాని, ఆ చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ కాలం కనిపించేది ఇసుకే. దేశదేశాల భక్తులు ఈ ఊరికి వచ్చారు, వస్తున్నారు. 2022లో ఇది జిల్లా కేంద్రం కూడా అయింది. అయినా సాయంత్రమైతే ఊరివాళ్ల సుఖాలు ఎప్పటివే. ఏటి ఇసుకలో పిల్లల క్రికెట్టు, టీ అంగడి ముందు బల్ల మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఉడికించిన చెనక్కాయలు ఒలుచుకుంటూ గట్టున కబుర్లు, ఎండ వాలాక మెల్లగా తిరిగే గాలి. ఇక బుక్కపట్నం చెరువు నిండి మరువ పారిందంటే చెప్పనక్కరలేదు. జనం పిల్లాపాపలతో కట్ట మీదికి వెళ్లి నీళ్లను చూస్తారు. ఊరకే నిలబడి చూస్తారు! కోనసీమ వాళ్లకు ఇది వింతగా తోచవచ్చు.

ఆ నీళ్లే భయపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2021 నవంబరులో ఇదే చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలంలో వరదలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది. కరువుకూ వరదకూ నడుమ దొరికే కాసిని మంచి సాయంత్రాలను మన జనం వదులుకోరు. వదులుకోవాలా అన్నదే ఆ పెద్దమ్మ ప్రశ్న.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలో, దుఃఖానికి మందులేమిటని ఒక ప్రశ్న వేసుకున్నాడు. ప్రార్థన చేసుకోండి అని ఒక్క మాటలో ముగిస్తాడనుకుంటాం. ఆయన అలా చేయలేదు. ఏదైనా ఒక సంతోషం, కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యాన్ని ధ్యానించడం అని చెప్పుకుంటూ పోయి, చివరికి నిద్ర, స్నానం అన్నాడు. మొదటిసారి చదివినప్పుడు మా తరగతిలో అందరం నవ్వాం. అంతటి వేదాంతి చివరికి చెప్పింది నీళ్లు పోసుకోమనా? తర్వాత బావులెండిన ఊళ్లలో పని చేశాను. రెండు బిందెలతో ఇల్లంతా గడుపుకునే ఎండాకాలంలో, ఒకనాడు ఒళ్లంతా తడిసేలా నీళ్లు పోసుకున్న పిల్లవాడి ముఖం చూశాను. అప్పటినుంచి ఆ మాటకు నవ్వు రాలేదు.

కాబట్టి చిన్న సుఖాలను తప్పుపట్టలేను. పక్కవాడు కష్టంలో ఉన్నాడని నేను టీ మానేస్తే అతని చేనుకు ఒక్క చుక్కా చేరదు. పైగా "నేనెంత మంచివాణ్ణో" అన్న గర్వమొకటి నాలో మొలుస్తుంది. కష్టంలో ఉన్నవాణ్ణి "రా, కూర్చో" అని గట్టు మీదికి పిలవడం అంతకన్నా మేలు.

కాని ఆ పెద్దమ్మ సంగతి ఇంతటితో తేలదు. పంచుకుంటే తరగని మేళ్లు ఉన్నాయని పునీత అగుస్తీను ఎప్పుడో గుర్తించాడు. గట్టు మీది గాలి అలాంటిది, ఎంతమంది కూర్చున్నా తరగదు. బోరు నీళ్లు అలా కావు. పైన గట్లూ కంచెలూ ఉంటాయి గాని, భూమి అడుగున నీళ్లకు హద్దురాళ్లు లేవు. నా బోరు మరింత లోతుకు దిగితే పక్కవాని బోరు ఎక్కిళ్లు పెట్టవచ్చు. అందుకే 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయడానికి అనుమతి కావాలంది, బావికీ బావికీ ఎడం ఉండాలంది. ఎందరు పాటిస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె అడిగింది ఓళిగల గురించే. కాని ఆమె మనస్సాక్షి అడుగుతున్నది బోరు గురించి అని నాకు తోచింది. గొంతు దిగనిది బెల్లం కాదు.

అయితే ఆ ఇంటివాళ్లూ ఆ బోరుకు అప్పు చేసినవాళ్లే. వేరుశెనగ చేతికొస్తేనే అప్పు తీరేది. "నీళ్లు పంచుకోండి" అని నేను చెప్పడం సులభం, నాకు చేనూ లేదు, అప్పూ లేదు. మన ప్రాంతంలోనే కొన్ని పల్లెల్లో బోరున్న రైతులూ లేని రైతులూ పైపులు కలుపుకొని, పంట ఎండే వేళకు పక్క చేనికీ ఒకటి రెండు తడులు ఇచ్చుకుంటున్నారు. కొత్త బోర్లు వేయకూడదని ముందే మాట అనుకుంటేనే అది నిలుస్తుంది. ఎవరి బోరు వాళ్లు లోతుకు దింపుకుంటూ పోతే చివరికి ఎవరికీ మిగలదని వాళ్లకు అనుభవమే నేర్పింది.

మరుసటి ఆదివారం ఇదంతా ఆమెకు చెప్పాను, ఇంతకన్నా పొట్టిగానే. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, "ఓళిగలు వాళ్లింటికీ పంపిస్తిని సామీ, పిల్లోళ్లు తిన్నారు" అంది. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "పైపు సంగతి మా ఇంటాయనతో ఇంకా మాట్లాడలేదు."