కాదన్నవారికి జవాబు

గత మాసంలో మా సాయంకాలపు తెలుగు తరగతి ముగిసిన తరువాత, నాతోపాటు చదువుకునే ఒక యువతి తన ఫోను నా ముందు ఉంచింది. మూడు ఇంటర్వ్యూలు జరిపిన సంస్థ, ఉద్యోగం ఇవ్వలేమని రెండు వాక్యాలలో తెలియజేసింది. "మాస్టారూ, దీనికి ధన్యవాదాలు చెప్పాలా? చెబితే అబద్ధం కాదా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నాకు వెంటనే సమాధానం తోచలేదు.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. 1991లో నేను దక్షిణాఫ్రికాలోని నేటాల్ నుండి టొరంటోకు వచ్చాను. ఎనిమిదేళ్ళు బోధించిన అనుభవం ఉన్నా, "కెనడా అనుభవం" లేదని ఒక పాఠశాల నన్ను కాదన్నది. నేను ఎంతో వినయంగా జవాబు వ్రాశాను. అందులో మూడుసార్లు క్షమాపణ కోరాను. ఏ తప్పుకో నాకే తెలియదు. ఆ లేఖ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానిలో కనబడేది మర్యాద కాదు, భయం.

ఆ భయం నాతో పుట్టినది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి తొలి ఒప్పంద కూలీలను డర్బన్ రేవుకు చేర్చింది. ఆ తరువాత వచ్చిన ఓడలలో ఒకదానిలో మా ముత్తాతగారు వచ్చారు. ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. పనికి రాకపోతే జీతంలో కోత, ఒక్కొక్కప్పుడు జైలు. చీటీ లేనిదే చెరకుతోట దాటరాదు. ఆయనను ఎవరూ కాదనలేదు. వేలిముద్ర వేయగానే పని దొరికింది. కాని ఆ ఐదేళ్ళూ "కాదు" అనే హక్కు ఆయనకు లేదు. సర్దారు ఎదుట తల వంచి నిలబడడమే మా ఇంట తరతరాలుగా మర్యాద అనిపించుకున్నది.

కనుక కాదనడంలో అవమానమే చూడనవసరం లేదని నేననుకుంటాను. ఆ సంస్థ ఈ అమ్మాయిని కాదనగలిగింది. ఉద్యోగం ఇచ్చి ఉంటే ఈమె కూడా వారిని కాదనగలిగేది. జవాబు కూడా ఆ సమానత్వంతోనే వ్రాయాలి. నిజంగా అందినదానికే కృతజ్ఞత చెప్పాలి: వారు వెచ్చించిన సమయానికి, శ్రద్ధగా విన్నవారికి. తిరస్కరణకు ధన్యవాదాలు చెప్పనక్కరలేదు. మరొక అవకాశం నిజంగా కావాలంటేనే అడగాలి. (అప్పుడే దెబ్బతిన్న పిల్లలకు గీతలోని ఫలాపేక్ష మాట వెంటనే వినిపించవద్దని పెద్దలకు నా మనవి. కనీసం భోజనం అయ్యేదాకా ఆగండి.)

అన్యాయంగా కాదన్నప్పుడు మాటేమిటి? అక్కడ మర్యాద అంటే మౌనం కాదు. "కెనడా అనుభవం" తప్పనిసరి అనడం పైకి చూస్తేనే వివక్ష అని అంటారియో మానవ హక్కుల సంఘం 2013లో తన విధానపత్రంలో తెలిపింది. 2026 జనవరి 1 నుండి ఆ రాష్ట్రంలో 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తమ బహిరంగ ప్రకటనలలో ఆ షరతు పెట్టరాదు. ఇంటర్వ్యూకు పిలిచినవారికి, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజులలోగా, నియామకంపై నిర్ణయం జరిగిందో లేదో తెలియజేయాలి. ఒక మాట చెప్పి పంపడానికి కూడా చట్టం కావలసి వచ్చింది! నా వంటివారందరూ క్షమాపణలు వ్రాసి ఊరుకుని ఉంటే అది కూడా వచ్చేది కాదేమో. సంస్థకు వ్రాసే జవాబు వేరు, ఫిర్యాదు వేరు. రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే రెండూ చెడతాయి. అవసరమైతే రెండూ వ్రాయవచ్చు.

ఆ యువతి విషయంలో అన్యాయమేదీ జరిగినట్లు లేదు. మరుసటి వారం తన జవాబును పంపే ముందు నాకు చూపింది. నాలుగే వాక్యాలు, చక్కగా ఉన్నాయి. చివరి వాక్యంలో మాత్రం "మీ సమయం తీసుకున్నందుకు క్షమించండి" అని ఉంది. అదెందుకమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించింది. ఆమెకూ తెలియలేదు. ఆ వాక్యం తీసివేసి పంపింది.