కొసరు ఎవరి ఖాతాలో?

కూరగాయలమ్మి కిలో వంకాయలు తూచి, తక్కెడ దించేముందు మరో రెండు కాయలు పైన పడేస్తుంది చూడండి, దాన్నే కొసరంటాం. అసలుకి డబ్బిచ్చాం, కొసరుకి ఇవ్వలేదు. అందుకే అసలుకన్నా కొసరే ముద్దు. ఇచ్చే చెయ్యి ఇష్టంగా ఇచ్చింది, పుచ్చుకునే చెయ్యి సంతోషంగా పుచ్చుకుంది. ఏ లెక్కలోనూ రాయలేదు. కానీ ఆ కొసరు మీద ఎవరైనా పందెం కాస్తే? కాయలు పడితే నాకు లాభం, పడకపోతే నీకు లాభం అని పక్కన ఇద్దరు నిలబడి తక్కెడకేసి గుడ్లప్పగించి చూస్తుంటే? అప్పుడూ అది కొసరేనా?

ఈ విచికిత్స నాకు వంకాయల దగ్గర కలగలేదు. అమెరికావాళ్ల బాస్కెట్‌బాల్ దగ్గర కలిగింది.

అక్కడి ఎన్.బి.ఏ. పోటీల్లో ఆట 48 నిమిషాలు. అప్పటికి ఇరుపక్షాలూ సమానంగా ఉంటే మరో 5 నిమిషాలు ఆడిస్తారు. అప్పటికీ తేలకపోతే ఇంకో 5. దీనికి ఓవర్‌టైమ్ అని పేరు. ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ చేస్తే రెట్టింపు కూలి వస్తుంది. ఇక్కడ వచ్చేది అదనపు చెమట మాత్రమే. అయినా ఆటకి అందం ఆ కొసరులోనే ఉందంటారు అభిమానులు. విల్ట్ చాంబర్లేన్ అనే మహాకాయుడు 1961-62 లో ఆటకి సగటున 48.5 నిమిషాలు ఆడాడు. ఆటే 48 నిమిషాలైతే అంతకన్నా ఎక్కువ ఎలా ఆడాడని నేనూ ముక్కుమీద వేలేసుకున్నాను. ఆ అర నిమిషం కొసరు చలవే!

ఇక పందేల సంగతి. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు పాత నిషేధాన్ని కొట్టేశాక, ఒక్కో రాష్ట్రమే ఆటల పందేలకి తలుపులు తెరిచింది. మన భీమవరంలో కోడిపందెం కాసేవాడు కోడి గెలుస్తుందా ఓడుతుందా అని కాస్తాడే తప్ప, అది ఎన్నిసార్లు ఎగురుతుందని కాయడు. అక్కడ అదీ కాస్తారు. ఏ జట్టు గెలిచినా సరే, ఫలానా ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడు, ఎన్ని బంతులు అందిస్తాడు అని విడివిడిగా పందేలు. ఒకడికి ఇరవైనాలుగున్నర అని గీత గీస్తారు. గీత పైనా, లోపా చెప్పాలి. అర పాయింటు ఆటలో ఎక్కడా ఉండదు. సమానమయ్యే గొడవ లేకుండా పందెంలోకే తెచ్చి పెట్టారు.

కొసరు వచ్చి పడేది సరిగ్గా ఇక్కడే. 36 నిమిషాల్లో 24 పాయింట్లు చేసే ఆటగాడు ఆ వేగంతోనే మరో 5 నిమిషాలు ఆడితే మూడు పాయింట్లు పైనే వస్తాయి. మామూలు ఆట ముగిసేసరికి 23 దగ్గర ఆగాడనుకోండి, ‘లోపు’ అన్నవాడు గెలిచినట్టే. కానీ చిట్టచివరి క్షణంలో ఇంకెవడో బంతి వేసి స్కోరు సమానం చేశాడు. ఓవర్‌టైమ్‌లో మన ఆటగాడు ఒక్కసారి బుట్టలో వేస్తే చాలు, 25. గెలిచినవాడు ఓడిపోయాడు. అతని అంచనా తప్పు కాలేదు, కాలమే సాగింది.

ఇది న్యాయమేనా అంటే, న్యాయమే. ఆటగాడి లెక్కల్లో ఓవర్‌టైమ్ కలుస్తుందని అక్కడి పందేల నిబంధనల్లో ముందే రాసి ఉంటుంది. కాకపోతే ఆ నిబంధనలు చదివితే మన రెవిన్యూ రికార్డులు గుర్తొస్తాయి. రెండో సగం మీద కాస్తే సాధారణంగా కొసరు కలుస్తుంది, నాలుగో భాగం మీద కాస్తే కలవదు. నాలుగో భాగం రెండో సగంలోది కాదా అని అడక్కండి!

ఫుట్‌బాల్‌కి వస్తే ధర్మం తిరగబడుతుంది. అక్కడ మామూలు పందెం 90 నిమిషాలకీ, దానికి రిఫరీ కలిపే ఆ నాలుగైదు నిమిషాలకే. 1966 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ మూడు గోల్స్ చేశాడు. అందులో రెండు అదనపు సమయంలోవే. చరిత్రలో మూడు, పందెం లెక్కన ఒకటి. 2022 ఫైనల్లో ఎంబాపే కూడా మూడు చేశాడు. మూడోది 118వ నిమిషంలో. అర్జెంటీనా కప్పు ఎత్తుకుని ఊరేగుతోంటే, పందెం పుస్తకంలో ఆ ఆట ‘డ్రా’. నిజం ఒకటే, ఖాతాలు రెండు.

మా అక్క కొడుకు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ పందేలు చట్టబద్ధం. ఆమధ్య ఫోన్లో వాడే చెప్పాడు. తను ప్రాణంపెట్టే జట్టు రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. క్షణాలే మిగిలాయి. బంతి ఎదుటివాళ్ల చేతిలో ఉంది. వీడు ఇరవై డాలర్లు కాసిన ఆటగాడికి ఇంకో మూడు పాయింట్లు కావాలి.

“ఏం కోరుకున్నావురా?” అన్నాను.

“వాళ్ల బంతి పడాలనే పిన్నీ. పడితే ఓవర్‌టైమ్ వస్తుందిగా.”

బంతి పడలేదు. జట్టు గెలిచింది. వీడు ఏడుపుమొహం పెట్టుకుని పడుకున్నాడట.

“షేర్లు కొనడం మాత్రం ఇంకేమిటి పిన్నీ? నా డబ్బు, నా ఇష్టం. రూల్సన్నీ తెలిసే కాశాను,” అన్నాడు. నిజమే, వాణ్ణెవరూ మోసం చెయ్యలేదు. నన్ను తొలిచింది ఆ ఇరవై డాలర్లు కాదు. ఏళ్ల తరబడి పెంచుకున్న అభిమానం అంత చవగ్గా చేతులు మారిపోవడం. పైగా ఆ కొసరు ఎందుకు పుడుతుంది? ఇద్దరిలో ఎవరూ ఓటమి ఒప్పుకోనందుకు పుడుతుంది. ఆటలో అంతకన్నా గొప్ప ఘడియ ఉండదు. పందెం కాసినవాడికి మాత్రం అది మిగులు నిమిషాల మూట. ‘పైన’ అన్నవాడు కాలం సాగాలని, ‘లోపు’ అన్నవాడు తెగాలని కోరుకుంటారు. ఎవరు గెలవాలన్న కోరిక ఇద్దరిలోనూ ఉండదు.

కాలం తెగాలన్న కోరిక ఎంత దూరం పోతుందో 2024 లో తెలిసింది. టొరంటో జట్టు ఆటగాడు జాంటే పోర్టర్ ఆ మార్చి 20న ఆటలో మూడు నిమిషాలుండి, ఒంట్లో బాగాలేదని బయటికి వచ్చేశాడు. అతని లెక్కలు గీత లోపే ఉంటాయని ఒకడు 80 వేల డాలర్లు కాశాడు. నెగ్గితే 11 లక్షలు. అనుమానమొచ్చి పందేల సంస్థ చెల్లింపు ఆపేసింది. ఏప్రిల్లో లీగు అతణ్ణి జీవితాంతం నిషేధించింది, జూలైలో కోర్టులో అతను నేరం ఒప్పుకున్నాడు. ఓవర్‌టైమ్ ఎవరూ అనుకోకుండా కాలాన్ని సాగదీస్తే, ఇతను అనుకునే తెంపేశాడు. జట్టు ఓడేలా చెయ్యాలంటే అయిదుగురు కలవాలేమో. ఒకడి అంకెలు తగ్గాలంటే వాడొక్కడు చాలు.

అన్నట్టు, కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న కూడా ఒకరకంగా లెక్కల ప్రశ్నే. నన్నోడి తన్నోడెనా, తన్నోడి నన్నోడెనా అని. తనని తాను ఓడాక కాసిన పందెం చెల్లుతుందా అని పెద్దలు తలలు పట్టుకున్నారు. ధర్మం సూక్ష్మమన్నాడు భీష్ముడు. ఆ సూక్ష్మంలో పడి, మనిషిని పందెంలో ఒడ్డడమేమిటన్న స్థూలమైన ప్రశ్న వెనక్కిపోయింది. నేటి ఆటగాడు స్వతంత్రుడు, కోట్లు గడిస్తాడు, అతణ్ణెవరూ సభకి ఈడ్చుకురారు. ఆ తేడా నేను కాదనను. కానీ కొసరు కలుస్తుందా కలవదా అని నిబంధనలు వెతుక్కునేవాడికి, ఆ కొసరు ఆడుతున్న మనిషి కనిపిస్తున్నాడా? 48 నిమిషాలు పరిగెత్తి, మోకాళ్లమీద చేతులానించి ఊపిరి పీల్చుకుని, మళ్లీ లేచినవాడు?

ఆ 5 నిమిషాల్లో వచ్చిన పాయింట్లు ఎవరి ఖాతాలో పడాలో నిబంధనల పుస్తకం తడుముకోకుండా చెబుతుంది. ఎదుటివాళ్ల బంతి పడాలని మావాడు కోరుకున్న ఆ క్షణాన్ని ఎవరి ఖాతాలో రాయాలో మాత్రం అందులో లేదు. అది వాడే రాసుకోవాలి.