వరద వస్తే దుర్గమ్మ ఎక్కడుంటుంది?

2025 ఆగస్టు చివర్లో మంజీర పొంగి ఏడుపాయల వనదుర్గా భవాని గుడిని ముంచేసింది. మెదక్ వాళ్లకు ఇది కొత్త కాదు. ఎగువన సింగూరు గేట్లు ఎత్తితే ఘనపురం ఆనకట్ట మీంచి నీళ్లు దూకుతాయి, గుడి చుట్టూ పాయలన్నీ ఒక్కటవుతాయి. అప్పుడు పూజారులు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో ఉంచి అక్కడే పూజలు చేస్తారు. మూలవిరాట్టు నీళ్ల మధ్యే ఉంటుంది.

మరి ఆ రోజుల్లో అమ్మవారు ఎక్కడున్నట్టు? మూలమూర్తి శక్తి ఉత్సవమూర్తిలోకి దీపం నుంచి దీపం వెలిగినట్టు వస్తుందని ఆగమం తెలిసినవాళ్లు చెబుతారు. మా చిన్నమ్మ అంత దూరం పోదు. "పూజ ఆగలేదు గదా, గంతే చాలు" అంటుంది. నా ఉద్యోగంలో ఆ మాటను మించిన సూత్రం నాకు దొరకలేదు.

నా పని స్టోరేజీ. హైదరాబాదులో డేటా సెంటర్ పడిపోతే మరో ఊళ్లో ఏది, ఎంతసేపట్లో లేవాలో లెక్కలు కడతాను. అందరూ ముందు అడిగేది ఎన్ని టెరాబైట్లు కొనాలని. నేను వాళ్లను రెండు సంగతులు అడుగుతాను: ఎంతసేపటి డేటా పోతే తట్టుకోగలరు? ఎంతసేపు ఆగగలరు? రోజుకు ఒక టెరాబైట్ మారేచోట, సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద అది అవతలికి చేరడానికే 22 గంటలు దాటుతుంది. పగటి రద్దీలో లైను వెనకబడుతుంది. ఆ వెనకబడినంతా పోయినా ఫర్వాలేదని ముందే సంతకం పెట్టినట్టే. ఒక్క లావాదేవీ కూడా పోకూడదంటే, ప్రతి రాతా రెండుచోట్లా పడ్డాకే పని అయిందనాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మెదక్ నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు, పోయి రావడానికి ఒక మిల్లీసెకను. ప్రతి రాతా అంతసేపు ఆగాలి. అందుకే రెండో సైటు దగ్గరుండాలంటారు. కానీ మరీ దగ్గరుంటే ఒకే వాన రెంటినీ ముంచుతుంది. రాజగోపురం వరదకు సరిపోతుంది, భూకంపానికి సరిపోదు.

రాజగోపురం గర్భగుడికి నకలు కాదు. శివరాత్రి జాతర జనమంతా అక్కడ పట్టరు. అయినా నిత్యపూజ నడుస్తుంది. ఆగకూడనిది ఏమిటో, కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేనిది ఏమిటో అక్కడ తేలిపోయి ఉంది. కెపాసిటీ ప్లానింగ్‌లో అసలు కష్టం ఇక్కడే. ప్రతి విభాగమూ తన డేటాయే ముందు లేవాలంటుంది. అన్నింటికీ సమానంగా చోటిచ్చిన సైటు ఆపద రోజున దేన్నీ సకాలంలో లేపలేదు. ఇది డబ్బు లెక్కలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ధర్మ విచారమే. తన బతుకులో ఏది లేకపోతే తాను తాను కాదో తేల్చుకోనివాడు ఎన్ని డిస్కులు కొన్నా ఏం లాభం?

నకళ్లకు ఇంకో గుణముంది. అవి తప్పును కూడా భక్తిగా మోస్తాయి. ఇక్కడ ఒక ఫైలు పాడైతే క్షణంలో అక్కడా పాడవుతుంది. అందుకే రెప్లికేషన్ ఉన్నా, తప్పు జరగక ముందటి స్నాప్‌షాట్లను విడిగా ఉంచాలి, వాటికీ చోటు లెక్కకట్టాలి. అయితే నకలు చెడకుండా ఉన్నంత మాత్రాన చాలదు. మెదక్ పక్కనున్న కొల్చారం, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఊరు. చెడ్డ వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని బాధపడి, దాన్ని లేపడానికి రాసిన వ్యాఖ్యకు ఆయన సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయనని మాటిచ్చాడు. కాళిదాసు ప్రతులు లేక కాదు ఆయన బాధ, ఉన్నవాటిని చదివే తీరు చెడిందని. దాచినదాన్ని లేపగలిగే మనిషి కూడా ఉండాలి.

ఈ సంగతి రంజాన్ తరావీహ్ నమాజు దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్ పుస్తకం చూడకుండా రోజుకు కొంత చొప్పున దాన్ని మొత్తం చదువుతాడు. తడబడితే వెనక నిలబడ్డ మరో హాఫిజ్ అందిస్తాడు. ఏటా, అందరి ముందూ, మొదటి నుంచి చివరిదాకా. వేదం సంథ చెప్పేచోట ఘనపాఠంలో పదాలను ముందుకీ వెనక్కీ తిప్పి వల్లించడమూ ఇలాంటి పరీక్షే. ఎన్నో కంపెనీలు డిజాస్టర్ రికవరీ (డీఆర్) డ్రిల్‌ను కాగితం మీద కానిచ్చేస్తాయి. విశ్వాసులు మాత్రం దాన్ని ఆరాధనలో భాగం చేసుకున్నారు.

తిరిగి రావడం మరో పెద్ద పని. నీరు తగ్గాక ఏడుపాయల్లో బురద కడిగి, శుద్ధి చేసి, అప్పుడు మళ్లీ గర్భగుడిలో పూజలు మొదలుపెడతారు. డేటా సెంటర్‌కూ అంతే: రెండో సైటులో గడిపిన రోజుల్లో పడిన రాతలన్నీ మొదటి సైటుకు మోసుకురావాలి, దానికీ లైను, చోటు, సమయం కావాలి. చాలా ప్లానుల్లో ఈ పేజీయే ఉండదు.

మీ గుడి, చర్చి, మసీదు, బడి, ఆసుపత్రి, ఏదైనా సరే, అక్కడ ఆగకూడనిది ఏమిటో ఒక కాగితం మీద రాసిపెట్టండి. వచ్చే వానాకాలం లోపు ఒక్కరోజైనా దాన్ని రెండోచోటి నుంచి నడిపి చూడండి.