ఇంటికి ఆరు దిక్కులు



మీరు ఇల్లు కట్టుకోబోతున్నారు. మూడు సెంట్ల స్థలం, కొంత దాచుకున్న డబ్బు, కొంత బ్యాంకు లోను. ప్లాను గీయించుకుని రోజూ రాత్రి అన్నం తిన్నాక తీసి చూసుకుంటున్నారు. చూసుకోవాలి కూడా. పూరిపాకలో పుట్టి పూరిపాకలోనే పోయినవాళ్ల మనవలం మనం. మనకి స్లాబు ఇల్లు చిన్న సంగతి కాదు.

అయితే ఆ కాగితం మీద మొదట చెయ్యి పెట్టేదెవరు? వాస్తు చూసేవాడు. వంటగది ఆగ్నేయంలో ఉండాలంటాడు, బోరు ఈశాన్యంలో వెయ్యాలంటాడు, దక్షిణం వాకిలైతే యజమానికి గండం అంటాడు. మనం దీక్ష తీసుకున్నవాళ్లం, రోజూ పంచశీల చెప్పుకునేవాళ్లం. అయినా "అందరూ చూపిస్తారు, మనమూ చూపిస్తే పోయేదేముంది?" అనుకుంటాం. నిజంగానే, పోయేదేముంది?

నా సంగతి చెబుతాను. మా ఇంటి ప్లానులో అమ్మ గది పక్కనే బాత్రూము గీశారు. అది ఈశాన్యం మూల అయింది. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంటే వంశం నిలవదని ఒకాయన చెప్పాడు. నేను నమ్మలేదు. కానీ ఎందుకొచ్చిన గొడవ అని దాన్ని పెరట్లో వాయవ్యం మూలకి మార్పించాను. ఒక వానాకాలం రాత్రి అమ్మ అక్కడికి వెళ్తూ మెట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది. మంచంలో ఉండి ఒక్క మాట అంది: "ఇంటికి వాస్తు బాగానే ఉందిరా, మనిషికే బాగోలేదు." వాస్తు చెప్పినాయన్ని నేనేమీ అనను. నమ్మకుండానే తలొంచింది నేను. ఆ తప్పు నాది.

"వాస్తులో గాలీ వెలుతురూ చూస్తారు, అది సైన్సే" అంటారు కొందరు. సరే, గాలీ వెలుతురే చూద్దాం. మన కోస్తాలో ఎండాకాలం సాయంత్రం హాయినిచ్చే గాలి ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం వైపు నుంచే వస్తుంది. దక్షిణానికి భయపడి ఆ వైపు కిటికీ మూసేస్తే ఉక్కపోతే మిగులుతుంది. మధ్యాహ్నం తర్వాత ఎండ పడమటి గోడని కాలుస్తుంది కాబట్టి అటు చెట్టో సన్‌షేడో ఉండాలి. బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ ఎంత వీలైతే అంత ఎడం ఉండాలి, నీళ్లు చెడిపోతాయి కాబట్టి. వీటికి కారణం ఉంది. కారణం ఉన్నదాన్ని ఎవరు చెప్పినా తీసుకుందాం. పెద్దలు చెప్పారనో గ్రంథంలో ఉందనో నమ్మవద్దని, మంచిచెడ్డలు మీరే పరీక్షించి తెలుసుకోమని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. ఆ పరీక్ష ఇంటి ప్లానుకీ పెట్టాలి.

ఇంకో సంగతి. ఈ శాస్త్రాల్లో మనం ఎక్కడున్నాం? కౌటిల్యుడి అర్థశాస్త్రం నగరంలో ఏ వర్ణానికి ఏ దిక్కో చెప్పి, చండాలుల్ని శ్మశానం అవతల ఉండమంది. వాళ్లతోపాటు, వేదాన్ని ఒప్పుకోని మతాలవాళ్లనీ అక్కడికే పంపింది. వరాహమిహిరుడి బృహత్సంహిత ఇంటి కొలతల్ని కూడా వర్ణాన్ని బట్టి తగ్గించుకుంటూ పోయింది. ఊరికి దిక్కులు గీసి మనల్ని గీత అవతల పెట్టిన శాస్త్రాన్ని ఇప్పుడు ఫీజు ఇచ్చి మన గడపలోకి పిలుచుకుంటున్నాం. పోయేది అదీ.

ఇల్లు దొరక్కపోవడం అంటే ఏమిటో బాబాసాహెబ్‌కి తెలుసు. 1917లో విదేశాల్లో చదువుకుని బరోడా ఉద్యోగానికి వస్తే, అంటరానివాడని ఎవరూ చోటివ్వలేదు. కులం దాచి పార్శీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఆయన తర్వాత బొంబాయి దాదర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాడు. పుస్తకాల కోసం కట్టుకున్న ఇల్లది. దానికి 'రాజగృహ' అని పేరు పెట్టుకున్నాడు. బుద్ధుడు తిరిగిన మగధ రాజధాని పేరు అది.

ఆ రాజగృహంలోనే బుద్ధుడికి ఒకరోజు పొద్దున్నే సిగాలుడనే యువకుడు కనిపించాడు. తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతున్నాడు. తండ్రి చచ్చిపోతూ మొక్కమన్నాడట. బుద్ధుడు అతన్ని ఎగతాళి చెయ్యలేదు. దిక్కులంటే మనుషులని చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం మిత్రులు, కింది దిక్కు పనివాళ్లు, పై దిక్కు శ్రమణులు. వీళ్లని సరిగా చూసుకుంటే ఏ దిక్కు నుంచీ భయం లేదన్నాడు.

మన వాస్తు ఇదే. దీన్ని పట్టుకుని ప్లాను గీయించండి.

తూర్పు: అమ్మానాన్నల గది కిందనే ఉండాలి. బాత్రూము పక్కనే, మెట్టు లేకుండా, గోడకి పట్టుకోడానికి రాడ్డుతో.

దక్షిణం: పిల్లలు చదువుకునే చోటు, పుస్తకాల అర. హాలు కొంచెం తగ్గినా ఫరవాలేదు.

పడమర: వంటగట్టు ఎత్తు ఎంతో, కిటికీ ఎక్కడో ఆమెని అడగండి. భర్త భార్యకు చెయ్యాల్సిన వాటిలో అధికారం అప్పగించడం కూడా ఒకటని బుద్ధుడు సిగాలుడికి చెప్పాడు. ఇల్లు ఆమె పేర రాయించినా తప్పులేదు.

ఉత్తరం: ఎవరొచ్చినా కూర్చునే వరండా. అక్కడ ఎవరికీ వేరే గ్లాసు ఉండకూడదు.

కింది దిక్కుని మనం ఎక్కువగా మర్చిపోతాం. మేస్త్రి, సెంట్రింగు పనివాళ్లు, ఇసుక మోసే ఆడకూలీలు చాలాసార్లు మన వాళ్లే. శక్తికి తగిన పని, తిండీ కూలీ, జబ్బు చేస్తే ఆదరణ. ఇవి సిగాలుడికి చెప్పినవే. వాళ్ల కూలి ఎగ్గొట్టి కట్టిన గోడ ఎంత నున్నగా ఉన్నా మంచి గోడ కాదు.

పై దిక్కు: వందనకు చిన్న చోటు చాలు. కోరికలు కోరడానికి కాదు, శీలం గుర్తు చేసుకోడానికి.

డబ్బు సంగతీ ఆ ఉపదేశంలోనే ఉంది. సంపాదన నాలుగు భాగాలు చేసి ఒకటి అనుభవించమని, రెండు పనిలో పెట్టమని, ఒకటి ఆపదకు దాచమని. ముందు వీధివాళ్లు చూడాలని ఎలివేషన్‌కి అప్పు చేసి, కూతురు కాలేజీ ఫీజు ఆపకండి.

ఇంట్లో చేరే రోజు ముహూర్తం అక్కర్లేదు, సెలవు రోజు చాలు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో బ్రాహ్మణుల చేత ఏ క్రతువూ చేయించనన్నది ఉంది. త్రిశరణ పంచశీల చెప్పుకోండి. పనిచేసిన కూలీలని పిలిచి మీతోపాటు కూర్చోబెట్టి భోజనం పెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్లు భయపడితే కసరకండి. బుద్ధుడు సిగాలుడిని కసరలేదు కదా. ఈ రాత్రి ప్లాను తీసినప్పుడు ఇంట్లో అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, "నీకేం కావాలి?" అని ఒక్కొక్కరినీ అడగండి. నేను మా అమ్మని అడగలేదు. మీరు అడగండి.

జై భీమ్.